అమావాస్య నాడు వణకని లేతు

మేము ఉద్యోగాల్లో చేరిన కాలంలో కంప్యూటర్ అంటే గర్భగుడే. మద్రాసులో ఒక చల్లటి గదిలో ఉండేది. మాలాంటివాళ్ళం చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్టను కిటికీలోంచి అందించి, ప్రసాదం కోసం మర్నాటిదాకా కాచుకోవాలి. (ఒక్క అట్ట తిరగబడిందా, ప్రసాదమూ లేదు, పాడూ లేదు.) ఆ గుడి వాకిట్లోనే నా మొదటి ఉద్యోగం పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఒళ్ళు మండుతుంది, నవ్వు తర్వాతే వస్తుంది.

లేతు మిషను ఇనుము కోసేటప్పుడు ఎందుకు వణుకుతుందో లెక్కలు కట్టి, ఆ లేతును కంప్యూటర్లో ఉత్తుత్తిగా తిప్పి చూడటం మా పని. లెక్కలోని వణుకూ నిజం లేతు వణుకూ ఒకటైతే, ఏ వేగంలో ఎంత లోతు కోయవచ్చో ముందే చెప్పేయవచ్చు. ఎంత ఉక్కపోసినా కోటు విప్పడని మా పెద్దాయనను చాటుగా కోటుదొర అనేవాళ్ళం. "ఈ లెక్క కుదిరితే నిన్ను పర్మనెంట్ చేయిస్తానోయ్" అన్నాడాయన. ఆ ముక్క ఉత్తరంలో రాశానో లేదో, మా నాన్న మా ఊరు తోటపల్లి గూడూరంతా తిరిగి, మావాడి ఉద్యోగం ఖాయమని చెప్పేసుకున్నాడు.

కొలతలకు మామూలు షెడ్డులోని లేతు కావాలన్నాడు కోటుదొర. నాన్న స్నేహితుడు సాయిబు మామకు నెల్లూరులో మైపాడు రోడ్డు పక్కన షెడ్డుండేది. వీలైనప్పుడల్లా వెళ్ళి ఆయన లేతుకు సూది పరికరం కట్టేవాణ్ణి. అది వణుకును కాగితం మీద గీసేది. "ఏందబ్బయా, నా లేతుకు నాడి చూస్తాండావా? జొరమేం లేదులే దానికి" అని మామ అరిచేవాడు. గోడకవతల రైసుమిల్లు మరి, అరవకపోతే వినపడదు. నేనూ అరిచే జవాబు చెప్పేవాణ్ణి.

సూది గీసిన దాంట్లో మా లెక్కకు అందని నిదానపు ఊపు ఒకటి కనబడింది. కోటుదొర దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెట్టి, ఆ ఊపు కూడా వచ్చేలా లెక్కకు ఒక తోక తగిలించమన్నాడు. తగిలించాను. చాలలేదు, ఇంకోటి తగిలించాను. చివరికి కంప్యూటర్ గీతా సూది గీతా ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి. కోటుదొర కోటు విప్పాడు. నేనైతే ఆ పూట అద్దంలో నన్ను నేనే 'సారూ' అని పిలుచుకున్నాను.

ఆఖరి కొలతలకని వెళ్ళిన రోజున లేతు నున్నగా తిరుగుతోంది. ఊపు జాడే లేదు. సూది మార్చాను, మరలు బిగించాను. "లేతుకేమైంది మామా?" అని గట్టిగా అరిచాను.

"అరస్తావేందబ్బయా, నాకేమన్నా చెవుడా? నిన్న బాగా నూనె పోసినా. నా చేతి మహిమ."

అప్పుడు తట్టింది నాకు, అరవాల్సిన పని లేదని. "మిల్లు ఆడటం లేదేం?"

"ఇయ్యాళ అమావాస గదా. వాళ్ళు కట్టేసినారు. నాకేం పట్టింపు లేదు, నేను తెరిచినా."

నెలల తరబడి మేం లేతుకు అంటగట్టిన ఊపు గోడకవతల వడ్లు ఆడించే ఊపు.

మద్రాసులో ఆ మాట చెప్తే కోటుదొర తలెత్తలేదు. "ఆ రోజు పరికరం చెడిందని రాసి సంతకం పెట్టు."

"చెడలేదండీ. మిల్లు ఆగితే ఊపు పోయింది. ఆ తోకలు తీసేద్దాం సార్."

"కంప్యూటర్లో సరిపోయిన లెక్కను అమావాస్య కోసం వదులుకోమంటావా? పల్లెటూరి నమ్మకాలు నా దగ్గర కాదు."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను నమ్మింది సూదిని. సంతకం పెట్టలేదు. పెట్టిన పక్క కుర్చీవాడు పర్మనెంటయ్యాడు, కోటుదొర మెడలో గంధపు దండ పడింది, నేను పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. ఊళ్ళోవాళ్ళు అడుగుతారని నాన్న చేనికి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టాడు. అందుకు మాత్రం ఆ కోటును నేను క్షమించలేదు.

నెల్లూరులో పాఠాలు చెప్పుకుంటూ ముసలివాణ్ణయ్యాక, నా దగ్గర చదివిన కుర్ర ఇంజనీరొకడు ఒళ్ళో పట్టే కంప్యూటర్ తెచ్చి లేతు లెక్క చూపించాడు. కింద నా రెండు తోకలూ భద్రంగా ఉన్నాయి, కోటుదొర పేరుతో.

"ఇవెందుకు నాయనా?"

"తెలీదు సార్. పెద్దవాళ్ళు పెట్టినారు గదా, ఉండనిచ్చినా."

అద్దం ముందు 'సారూ' అనుకున్న ఆ వెర్రివాడు గుర్తొచ్చి నవ్వాను. మిల్లు కూలగొట్టి ఎన్నేళ్ళయిందో. ఆ కుర్రాడి కంప్యూటర్లో మాత్రం ఇంకా వడ్లు ఆడుతున్నాయి.