పాలాయన జీపు ఎత్తు పెంచిన సంగతి

పట్నానికి పాలు తోలే ఆయన్ని అందరూ పాలాయన అనేవాళ్లు. జీపుతో ఆయనకున్న చనువు పెళ్లాంతో లేదని వెనకాల నవ్వుకునేవాళ్లు కూడా. శుద్ధ అబద్ధం. ఆవిడకి వెన్నెముక జబ్బని, వారం వారం వాగు దాటి ఆసుపత్రికి తీసుకురావాలని డాక్టరు చెప్పిన రోజు, ఆ మనిషి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

వానలు దగ్గరపడ్డాయి. వాగు పొంగితే నీళ్లు ఇంజన్లోకి పోయి ఆ పాత జీపు మధ్యలోనే చతికిలబడుతుంది. ఎత్తు పెంచాలి. చక్రాల మీద బండిని మోస్తూ గతుకుల్లో అణిగి లేచే కమాన్ కట్టలు కొత్తవి కొనే స్తోమత లేదు. పాత ఇనుము కొట్లో లారీ కమాన్ పట్టీలు ఏరుకొచ్చి, మెకానిక్ చేత కోయించి, జీపు కట్టల్లో అదనంగా ఒక్కో పట్టీ వేయించాడు. జీపు బెత్తెడు లేచింది.

"అన్నా, లారీ పట్టీ మొండిది. వెనక కూర్చునేవాళ్ల గతేంటి?" అన్నాడు మెకానిక్.

"నేను చూసుకోనా, నీ గోలేంటి?" అని పాల క్యాన్లు నిండా ఎక్కించి తిప్పి చూశాడు. చుక్క తొణకలేదు. అన్ని క్యాన్ల బరువుకి ఎంత మొండి పట్టీ అయినా అణుగుతుంది. ఎండుపుల్లలా చిక్కిపోయిన ఆడమనిషికి అణుగుతుందా? ఆ బుర్రకి తట్టలేదు.

మొదటిసారి ఆవిడ జీపు పక్కన నిలబడి పైకి చూసింది. "ఇదేంటయ్యా, మేడ మీద మేడ కట్టావా? నిచ్చెనేది?"

"నిచ్చెనెందుకే, నేను లేనూ?" అని ఎత్తి వెనక బల్ల మీద పడుకోబెట్టాడు. వాగు దాటాక ముందు నుంచి కేకేశాడు. "ఎలా ఉందే?"

"హాయిగా ఉందయ్యా."

వానలన్నాళ్లూ అడిగాడు. వానలన్నాళ్లూ ఆవిడ ఆ మాటే చెప్పింది. ఇల్లు చేరాక గోడవైపు తిరిగి పడుకునేది. మందుల నీరసం కాబోలనుకున్నాడు.

ఒకరోజు, "ఇవాళ రానయ్యా, నన్నొదిలెయ్" అంది.

"నీకోసం బండి ఎత్తు పెంచితే, నీకు మంకుతనం పెరిగిందా?" అని కసిరి, ఎత్తుకెళ్లి ఎక్కించాడు. ఆ మధ్యాహ్నమే ఆవిడ ఆసుపత్రిలో పోయింది.

ఆవిడని వెనక ఒంటరిగా వదిలి స్టీరింగు పట్టనన్నాడు. కబురు విని వచ్చిన తమ్ముడు నడిపాడు. వెనక బల్ల మీద, ఆవిడ పక్కన పాలాయన కూర్చున్నాడు. పట్టీలు వేయించాక ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు.

ఎదురుగా చిన్న గుంట. కింద నుంచి గునపంతో పొడిచినట్టు నడుము నుంచి మెడ దాకా జివ్వుమంది. పళ్లు కొట్టుకున్నాయి. ఇంకో గుంటకి ఆవిడ తల బల్లకి తగిలింది.

"ఆపరా!" అని అరిచాడు.

"ఏమైందన్నయ్యా?"

"నోరు తెరిచి ఒక్కసారైనా చెప్పలేదురా..."

ఏం చెప్పలేదో తమ్ముడికి తెలియలేదు. ఆయన ఆవిడని ఒళ్లోకి లాక్కుని, తల తన భుజానికి ఆనించుకున్నాడు.

"మెల్లగా పోనియ్."

"వదినకి ఇంక నొప్పేముంటుంది అన్నయ్యా? ఇంటి దగ్గర అందరూ..."

"మెల్లగా పోనియ్యరా."

తమ్ముడు ఒకటో గేరులోనే పోనిచ్చాడు. సైకిళ్లవాళ్లు కూడా వాళ్లని దాటుకుని వెళ్లిపోయారు.