హద్దుల మావయ్య

మా మావయ్య దేన్ని చూసినా దానికి నాలుగు హద్దులు చెప్పకుండా ఉండలేడు. ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా భూములు కొలిచి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. భోజనానికి కూర్చుంటే, "నాకు తూర్పున నీళ్లజగ్గు, పడమర మీ అత్తయ్య, ఉత్తరాన గోడ. దక్షిణం ఖాళీగా ఉంది, ఉప్పు అక్కడ పెట్టు" అంటాడు.

"నేను పడమర ఎప్పుడయ్యానండీ?" అంటుంది అత్తయ్య.

"పెళ్లైన రోజు నుంచీ."

ఇలాంటి మనిషిని మా నాట్యబృందం మీదకి తెచ్చిన పాపం నాదే. మేం తొమ్మిది మందిమి. ప్రతి ఆదివారం పొద్దున ఒక తివాచీల దుకాణం పై అంతస్తులో కలుస్తాం. ముందుగా అనుకునేదేమీ ఉండదు. అప్పటికప్పుడు ఏది తోస్తే అది ఆడతాం, ఒకసారి ఆడింది మళ్లీ ఆడం. ఆడలేక మద్దెల ఓడు అందామంటే మాకు మద్దెల కూడా లేదు. ఫొటోలు, వీడియోలు నిషేధం. కెమెరా కనబడితే ఒళ్లు అబద్ధాలాడుతుందని మా నమ్మకం.

తొమ్మిదేళ్ల క్రితం ఒకరోజు నాకు గొడుగు ఇవ్వడానికొచ్చిన మావయ్య గుమ్మంలో గంటసేపు నిలబడిపోయాడు. ఆఖర్న అడిగాడు.

"ఇదంతా ఎక్కడ నమోదవుతుందే?"

"ఎక్కడా అవదు మావయ్యా."

"మరి జరిగిందనడానికి సాక్ష్యం?"

"రేపు మా ఒళ్లునొప్పులు."

ఆ జవాబు ఆయనకి బొత్తిగా నచ్చలేదు. మరుసటి ఆదివారం టేపు, సుద్దముక్క, గళ్లకాగితాల కట్టతో దిగిపోయాడు. అప్పట్నుంచి ఆటకొక పటం గీస్తూనే ఉన్నాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు కదిలారో అంగుళాలతో సహా. కింద దస్తావేజు భాషలో ఇలా రాస్తాడు: "ఆట నంబరు 212. దంతవైద్యుడు. తూర్పున కిటికీ, పడమర టైలరమ్మ, ఉత్తరాన గోడ, దక్షిణాన చెప్పుల అర. 8.14కి కుడికాలు ఎత్తెను. 8.15కి దించెను. మధ్యలో తుమ్మెను."

దంతవైద్యుడు గొడవకి దిగాడు. "తుమ్ము కూడా రాయాలా సార్?"

"తుమ్మినప్పుడు మీరు మూడంగుళాలు ముందుకి జరిగారు డాక్టరుగారూ. జరిగింది రాయకుండా ఎలా?"

మేనకోడలినని నామీద కూడా దయ లేదు. ఒకసారి నేను గాల్లోకి ఎగిరానని మురిసిపోతుంటే పటం చూపించాడు. "నాలుగంగుళాలు. దాన్ని ఎగరడం అనరమ్మా, ఉలిక్కిపడటం అంటారు." ఆయన కాగితం మీద లేనిది జరగలేదు, జరిగింది కాగితం మీద లేకుండా పోదు. ఇందులో బ్రహ్మదేవుడికైనా మినహాయింపు లేదు.

మాలో అందరికంటే బాగా ఆడేది టైలరమ్మ. పోయిన ఏడాది మెట్లమీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక చేతికి కర్ర వచ్చింది, ఆదివారం మానేసింది. "కర్రతో మీ మధ్య అడ్డంగా నేనెందుకు?" అంది. మేం మర్యాదకి రెండుసార్లు వెళ్లి పిలిచి ఊరుకున్నాం. ఆ ఊరుకోవడం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

సరిగ్గా అప్పుడే మావయ్యకి కొత్త పిచ్చి పట్టింది. కిటికీ పక్కన సుద్దముక్కతో ఒక చతురస్రం గీసి, అందులో ఎవరి కాలి వేలు పడ్డా "ఆక్రమణ!" అని అరవడం మొదలుపెట్టాడు.

"అక్కడ ఏముంది మావయ్యా?"

"నేల బాగాలేదు."

దంతవైద్యుడు వంగి తట్టి చూశాడు. గది మొత్తంలో అంత గట్టి నేల ఇంకెక్కడా లేదు. పైగా ఆ చతురస్రం వారం వారం పెరుగుతోంది. "ఇలాగైతే వచ్చే ఏడాదికి మేం మెట్లమీద ఆడాలి సార్" అని ఆయన మొత్తుకున్నాడు. మావయ్య వింటేనా!

ఇంతలో పాత నాట్యబృందాల కాగితాలు భద్రపరిచే గ్రంథాలయం నుంచి ఒకావిడ వచ్చింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగు వందల అరవై పటాలూ ఆవిడ ముందు పేర్చాడు. తన కాగితాలు ఆ అల్మరాల్లోకి చేరాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. ఆవిడ రెండు గంటలు చూసి మెచ్చుకుని, చివరి కట్ట దగ్గర ఆగింది.

"ఈ ఇరవై తొమ్మిది పటాల్లో టైలరమ్మగారికి హద్దులున్నాయి, కదలికలు లేవు. ఆవిడ ఆడారా?"

"రాలేదు" అన్నాడు మావయ్య, తేలు కుట్టిన దొంగలా.

"రానివాళ్లని రాస్తే ఇది రికార్డెలా అవుతుందండీ? ఆ పేరు కొట్టేసి ఇవ్వండి, అన్నీ తీసుకెళ్తాను."

తుమ్ముని కూడా వదలని మనిషి, చిన్న తప్పుకే రాత్రంతా మేలుకునే మనిషి, చటుక్కున దిద్దుతాడనుకున్నాం.

"కొట్టెయ్యను" అన్నాడు. "రైతు ఊళ్లో లేడని పొలాన్ని పటంలోంచి తీసేస్తామా అమ్మా? మనిషి రాలేదు. చోటు ఆవిడదే."

గ్రంథాలయం ఆవిడ పటాలు అక్కడే వదిలి, ఆలోచించుకోమని చెప్పి వెళ్లిపోయింది. నేను ఆ ఇరవై తొమ్మిదీ చుట్టుకుని తిన్నగా టైలరమ్మ దుకాణానికి వెళ్లి బట్ట కత్తిరించే బల్లమీద పరిచాను.

కొలతలు చదవడంలో ఆవిడా తక్కువది కాదు. "మొదటి పటంలో నా చోటు నాలుగడుగులు, ఇందులో ఏడు. ఎందుకు పెరిగింది?" అంటూ మూలన ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "కర్రతో వేసే ఒక్కో అడుగు తొమ్మిది అంగుళాలు. ఈ వారం పదకొండు. ఈ వారం పద్నాలుగు."

తర్వాత నవ్వు మొదలైంది.

"అందుకా! ప్రతి బుధవారం మీ మావయ్య వచ్చి ప్యాంటు పొడుగైంది, అరంగుళం తగ్గించమ్మా అనేవారు. టేపేమో ఆ చివర అద్దం దగ్గర. నేను నడిచెళ్లి తెచ్చేదాకా కళ్లార్పకుండా చూసేవారు. పాపం, పెద్దాయనకి మతి తప్పిందనుకున్నాను!"

మావయ్య ప్యాంట్లన్నీ మోకాళ్లవైపు ఎందుకు పాకుతున్నాయో అప్పటికి నాకు అర్థమైంది. టైలరమ్మ గ్రంథాలయానికి తనే ఫోన్ చేసింది. "ఆ చోటు నాదేనండీ. ఆదివారం వచ్చి చూసుకోండి."

ఆదివారం టైలరమ్మ వచ్చింది. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లి చతురస్రంలో నిలబడింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కర్ర కదిలింది, కర్ర చుట్టూ మనిషి కదిలింది. గ్రంథాలయం ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. రెండు నిమిషాలకి టైలరమ్మ గీత దాటింది.

"ఈ చోటు నాకు చాలట్లేదు అన్నయ్యగారూ!"

మావయ్య కాగితాలు పక్కన పెట్టాడు. "కొలత తప్పు వేశానమ్మా" అన్నాడు. ఆయన నోట తప్పు అన్నమాట మా అత్తయ్య కూడా విని ఎరగదు. మోకాళ్లమీద కూర్చుని అరచేత్తో ఆ గీతలన్నీ చెరిపేశాడు. చెరపడం అయ్యింది గానీ లేవడం కాలేదు. టైలరమ్మ కర్ర చివర అందించింది. పట్టుకుని లేచాడు. ఆవిడ కర్ర వెనక్కి లాక్కోలేదు, అలాగే పక్కకి తిప్పింది. నాట్యం రాని మావయ్య కర్ర రెండో కొస పట్టుకుని గది మధ్యలో గుండ్రంగా తిరగసాగాడు.

"వదిలెయ్యనా అన్నయ్యగారూ?"

"వదలకమ్మా, వదిలితే పడేది నేను" అన్నాడు మావయ్య.

ఆవిడ నవ్వుతూ ఇంకో చుట్టు తిప్పింది.