విడి కుంకుమ

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద, బస్తాల మీది రాతల మీద నేర్చుకున్నాను. మేడ్చల్ దగ్గర బట్టలకు రంగులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ఆ బస్తాలే మోశాను. గులాబీ రంగు మోసిన రోజు ఉమ్మి గులాబీ, తువ్వాల గులాబీ. బస్తా మీద పుర్రె బొమ్మ. నాతో మోసినవాళ్లలో ఇద్దరు మూత్రంలో నెత్తురు పడి, క్యాన్సర్‌తో పోయారు. ఆ రంగు ఎక్కడ కనబడినా గుర్తుపడతాను.

పోయిన బోనాలప్పుడు నా భార్య గండిమైసమ్మ గుడి దగ్గరి దుకాణంలో విడి కుంకుమ కొని తెచ్చింది. నెల తిరక్కముందే పాపట, నుదురు పుండ్లు పడ్డాయి. చిటికెడు తీసి గ్లాసు నీళ్లలో వేశాను. పసుపుతో చేసిన కుంకుమ అయితే అడుగుకు దిగాలి. ఇది దిగలేదు. నీళ్లన్నీ గులాబీగా మెరిశాయి.

"గిది ఇగ పెట్టుకోకే," అన్నాను.

"నువ్వు సల్లగుండాలెనని పెట్టుకుంటున్న. నువ్వు బతికుండంగ బొట్టు లేకుంట ఎట్లుంట?"

నా ఆయుష్షు కోసం ఆమె ఆ బస్తాను నుదుటి మీద మోస్తోంది! నాకు ఒళ్లు మండిపోయింది. దుకాణానికి వెళ్లి బిల్లు రాసిమ్మన్నాను.

"కుంకుమకు బిల్లేంది తాతా? ఊరంత పెట్టుకుంటాంది, నీకే పరేషానా?" అని దుకాణదారు నవ్వాడు.

ఫిర్యాదు రాసుకొని, మందులతోపాటు బొట్టు, పౌడర్ల కల్తీ కూడా చూసే డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు పోయాను. "లైసెన్స్ నంబరున్న లేబుల్ తే పెద్దాయనా. లేబుల్ లేకుంటే ఎవరి మీద రాసుకోవాలె?" అన్నాడు గుమాస్తా. లేబుల్ వేస్తే దొరికిపోతారనే కదా, వాళ్లు విడిగా అమ్మేది!

ఇంటికొచ్చి పసుపులో సున్నం, నిమ్మరసం కలిపి రోట్లో కుంకుమ నూరాను. మా అవ్వ అట్లాగే చేసేది.

"మట్టి లెక్కున్నది," అంటూనే నా భార్య పుండు లేని చోట చుక్కంత పెట్టుకుంది. "నడువు, నేను గూడ వస్త," అంది.

ఆఫీసులో గుమాస్తా మళ్లీ లేబుల్ మాటే ఎత్తాడు. ఆమె కొంగు వెనక్కి తోసి, అతని బల్ల మీదికి వంగింది.

"గిదే లేబుల్ సారూ. సదువుకో."

అతను మా ఫిర్యాదును ముందుకు లాక్కున్నాడు. మా కాగితం మీద ముద్ర పడి, నంబరు చేతికి వచ్చేదాకా ఇద్దరం ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు.