తాతయ్య వేసిన మూడు

నా చిన్నప్పుడు దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో మేముండే ఫ్లాట్ ఎంత విశాలమంటే, హాల్లో తాతయ్య మంచం వేశాక మిగతావాళ్లం గోడవారగా నడిచేవాళ్లం. అందరూ మాస్కులతో తిరిగిన ఏడాది అది. అమ్మను చూసి పోదామని విజిట్ వీసా మీద వచ్చిన తాతయ్య, విమానాలు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయాడు. నడుం నొప్పని పరీక్షలు చేయిస్తే, క్యాన్సర్ ఎముకల దాకా వెళ్లిందని తేలింది. "చూసి పోదామని వచ్చాను, చూపించుకోవాల్సి వచ్చింది" అన్నాడు. ఆ విషయం మీద ఆయన ఇచ్చిన ప్రసంగం అంతే.

తాతయ్య ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేశాడు. మార్కుల దగ్గర ఆయనది పిసినారి చెయ్యి. పదికి పది దేవుడికి, తొమ్మిది పాఠం రాసినవాడికి, ఎనిమిది తనకి. మిగిలినదాంట్లో పిల్లలు సర్దుకోవాలి. నా చూచిరాతకు ఒకటో రెండో వేసేవాడు. ఒకసారి నాలుగు వచ్చిందని అమ్మ సేమ్యా పాయసం చేసింది.

వారానికోసారి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతని హిందీలో అడిగేవాళ్లు. అమ్మ తెలుగులో చెప్పి, "పదికి ఎంత నాన్నా?" అనేది. ఆయన పేపరు దిద్దేవాడిలా కాసేపు ఆలోచించి, "మూడు వెయ్యమ్మా" అనేవాడు. మూడేనని వాళ్లూ సంతోషించేవాళ్లు, అమ్మా సంతోషించేది. నేను ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో మూడు వేసేదాన్ని. ఆ మూడుతోనే ఆయన మంచం మీద వాలడం మానేసి కుర్చీలో ఉండిపోయాడు. నా పుస్తకం చూడటం మానేశాడు. తిట్టడం కూడా మానేశాడు. పెద్దవాడై మెత్తబడ్డాడనుకున్నాం.

పక్కింటి అక్క గోదావరి వైపు అమ్మాయి, వేరే ఆసుపత్రిలో నర్సు. అక్కడ వారాంతపు సెలవైన ఒక శుక్రవారం, ఫోన్లో చర్చి ప్రార్థన ముగించుకుని, రొయ్యల వేపుడు గిన్నెతో వచ్చింది. మంచం మీదున్న నా పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది.

"మాస్టారూ, నాలుగేసి పక్కన 'బాగుంది' అని రాశారేంటండీ?"

"బాగుంది కాబట్టి."

"మరి ఎంతొస్తే ఫస్టండీ?"

"అయిదు. నా సర్వీసులో ఇద్దరికి వేశాను. ఒకడు కలెక్టరయ్యాడు."

"రెండోవాడో?"

"కాపీ కొట్టాడని తర్వాత తెలిసింది."

అక్క నవ్వలేదు. లేచి వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం చూసింది. మూడు, మూడు, మూడు. తిరిగొచ్చి ఆయన కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. ఈసారి అంకె అడగలేదు. "నడుం వాల్చి ఎన్నాళ్లయిందండీ?" అంది.

తాతయ్య కిటికీ వైపు చూశాడు. "పదకొండు రోజులు."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

ఈయన మూడంటే మనందరి ఎనిమిది అని అక్క ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంగ్లీషులో, హిందీలో, కోపం వచ్చినచోట తెలుగులో చెప్పింది. ఆ సాయంత్రమే పిలిపించి, చూసి, మార్ఫిన్ రాశారు. "ఇది ఆఖర్న ఇచ్చేదిగా అమ్మాయ్?" అన్నాడు తాతయ్య. "ఆఖరికి కాదండీ, నొప్పికి. అది లేచేదాకా ఆగకుండా గంట ప్రకారం వేసుకోవాలి" అంది అక్క. బళ్లో పనిచేసినవాడు గంటకు ఎదురు చెప్పలేడు. వేసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసు ముగించి చూస్తే, తాతయ్య మంచం మీద పక్కకు తిరిగి నిద్రపోతున్నాడు. అమ్మా నేనూ గోడవార నిలబడి చాలాసేపు చూశాం. లేచాక నా పుస్తకం తెమ్మన్నాడు. "ఒత్తులన్నీ ఎగ్గొట్టి ఎవరికి దాచిపెడుతున్నావే?" అని మొదలుపెట్టి అరగంట తిట్టాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను అక్కడే ఏడ్చాను. తిట్లకేననుకున్నాడు.

అలా ఇంకో అయిదు నెలలు తిట్టాడు. అంత శ్రద్ధగా నన్ను మళ్లీ ఎవరూ తిట్టలేదు. అప్పుడప్పుడూ కావాలని తప్పు చేసి చూస్తాను, లాభం లేదు.

ఇప్పుడు ఎవరైనా కొంచెమే నొప్పి అంటే, ఆ కొంచెం వల్ల ఏం మానేశారని అడిగి, జవాబు వచ్చేదాకా కదలను. నాలుగంటే ఆయన దృష్టిలో ఎంతో అమ్మ తర్వాత బాగా తెలిసింది నాకే. ఆ కుర్చీ పక్కనుంచి రోజూ నడిచిందీ నేనే. ఒక్కరోజు ముందు అడిగి ఉంటే, ఆయనకు ఇంకో రోజు నిద్ర దక్కేది.