రెండు కిలోల అక్కసు

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే రోజు టెన్నిస్ మొదలుపెట్టారు. అక్కకి పన్నెండేళ్ళు, చెల్లెలికి ఎనిమిది. రెండేళ్ళపాటు అక్క చెల్లెల్ని చిత్తుగా ఓడిస్తూనే ఉంది. అయినా ఒక సాయంత్రం కోచ్ వాళ్ళ నాన్నని పక్కకి పిలిచి, "పెద్దమ్మాయి కష్టపడుతుందండీ. ఆట మాత్రం చిన్నదానిది," అన్నాడు. అక్కడే బంతులు ఏరుతున్న అక్క చెవిన ఆ మాట పడనే పడింది.

చెల్లెలు పదిహేడేళ్ళకే ప్రొఫెషనల్ అయింది. అక్క రాకెట్లకి తీగలు బిగించే పని నేర్చుకుని, స్టేడియం మెట్ల కింద గదిలో మిషన్ పెట్టుకుంది. చెల్లెలు ఏ టోర్నమెంట్‌కి వెళ్ళినా అక్కని వెంట తీసుకెళ్ళేది. "మా అక్క చెయ్యి పడితేనే నాకు ధైర్యం," అని ఊరంతా చెప్పుకునేది. వింటుంటే అక్కకి ఒళ్ళు మండేది. చెల్లెలు ఓడి వచ్చిన రోజు, "పోన్లేవే," అని తల నిమిరేది. లోపల మాత్రం చల్లగా ఉండేది. ఆ చల్లదనానికి తన మీద తనకే రోత పుట్టేది.

ప్రొఫెషనల్ అయిన తొమ్మిదో ఏట చెల్లెలు ఒక పెద్ద టోర్నమెంట్‌లో క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. ముందురోజు టీవీవాళ్ళు, "మీ అక్కగారు కూడా ఆడేవారా?" అని అడిగారు.

"మా అక్కా? బంతులు బాగా ఏరేది!" అని చెల్లెలు పకపకా నవ్వింది.

మర్నాడు పొద్దున అక్క చెల్లెలి మూడు రాకెట్లకీ తీగల బిగువు రెండు కిలోలు తగ్గించి బిగించింది.

మొదటి సెట్‌లో వదులైన తీగలకి బంతులు అదుపు తప్పి, గీత దాటి ఎక్కడెక్కడో పడ్డాయి. చెల్లెలు ఆరు ఒకటి తేడాతో చిత్తయింది. తర్వాత రెండడుగులు వెనక్కి జరిగి, బంతిని తిప్పి కొట్టడం మొదలుపెట్టింది. ఆ వదులు తీగల మీంచి బంతి బరువుగా, లోతుగా వెళ్ళింది. చెల్లెలు గెలిచింది. పరుగున వచ్చి అక్కని వాటేసుకుని, "ఏం చేశావక్కా! ఇకమీదట ఇలాగే బిగించు," అంది.

ఆ బిగువుతోనే మరో నాలుగేళ్ళు ఆడి, ప్రపంచంలో ముప్పై ఎనిమిదో స్థానందాకా ఎక్కింది. తన కుళ్ళు కూడా దానికే కలిసొచ్చిందని అక్క లోలోపల కుతకుతలాడిపోయింది.

భుజం దెబ్బతిని చెల్లెలు ఆట మానేసింది. వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, "ఆ క్వార్టర్ ఫైనల్ రోజు మా అక్కకి తీగలు వదులు చేసే ఉపాయం తోచకపోతే నేను లేను," అంది. చప్పట్లు మోగాయి. ఆ పొగడ్త అక్కకి మింగుడు పడలేదు. తిరుగు దారిలో కారులో చెప్పేసింది.

"నువ్వు గెలవాలని బిగువు తగ్గించలేదే. ఓడిపోవాలని తగ్గించాను."

చెల్లెలు కారు పక్కకి ఆపింది. "ఎందుకు?"

"బంతులు ఏరేదన్నావుగా."

"నవ్వులాటకి అన్నాను!"

"నాకు నవ్వు రాలేదు."

"ఓడిపోయుంటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు."

మూడు నెలలు మాటల్లేవు. ఒకరోజు చెల్లెలు తన దగ్గర నేర్చుకునే పిల్లల రాకెట్లు నాలుగు మెట్ల కింద గదికి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎంత బిగువు కావాలో చెప్పి, స్టూలు లాక్కుని, బిగువు చూపే మిషన్ ముల్లు వైపు కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

"నమ్మకం లేదా?"

"లేదు. కానీ ఇంకొకరి చేత బిగింపించుకోవడం నావల్ల కావట్లేదు."

మొదటి రాకెట్ పూర్తయ్యేసరికి బయటినుంచి పిల్లలు "మేడమ్! మేడమ్!" అని కేకలేశారు. చెల్లెలు లేచి వెళ్ళగానే అంతా ఆమె చుట్టూ మూగారు. కిటికీలోంచి చూస్తున్న అక్కకి కడుపు ఎప్పటిలాగే భగ్గుమంది. రెండో రాకెట్ తీసి, చెల్లెలు అడిగినంత బిగువే బిగించింది.