గోడన్నకో సొంత పుస్తకం

బొమ్మల కథలు అచ్చేసే ప్రెస్సులో పెన్సిలు గీతల మీద సిరా దిద్దే ఆవిడను అందరూ సిరా అక్క అంటారు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ కథల్లో హీరో ఎగిరే వీరుడైనా, అక్క ప్రాణమంతా గోడన్న అనే చిన్న పాత్ర మీదే. గోడన్నకు ఎగరడం రాదు. కూలే వంతెనను జనం దాటేదాకా భుజాన ఆపడమే వాడి శక్తి. ఆ తర్వాత హీరో వచ్చి దండలు వేయించుకుంటాడు.

ఓ రోజు దిద్దడానికి వచ్చిన బొమ్మలో గోడన్న వంతెన కింద నలిగి చచ్చిపోయి ఉన్నాడు. అక్క కుంచె పక్కన పెట్టి, సరాసరి యజమాని గదిలోకి వెళ్లింది.

"వీణ్ణి చంపకండి సార్. ఎగిరేవాడు వచ్చేదాకా వంతెన నిలబడిందంటే ఎవరి వల్ల? వీడికే ఓ పుస్తకం వేయండి."

"బరువు మోసేవాడి కథ ఎవడు చదువుతాడమ్మా? గాడిద కూడా మోస్తుంది."

కాగితాల కట్ట మోసుకొస్తున్న హమాలీ బాబాయ్ గుమ్మంలోనే ఆగాడు. "అయితే ఈ కట్ట కాసేపు మీరు పట్టుకోండి సార్. ఇందులో ఎంత కథుందో తెలుస్తుంది."

యజమానికి నవ్వాగలేదు. "సరే, ఒక్క పుస్తకం. అమ్ముడుపోలేదో, వాణ్ణి నీ చేత్తోనే చంపాలి."

"ముందు బతకనివ్వండి సార్" అంటూ అక్క తన బల్ల దగ్గరికి వచ్చి, గోడన్న మీద పడ్డ రాళ్లను ఒక్కొక్కటే రబ్బరుతో చెరిపేసింది.