పెద్దబాపు కట్టించిన పసుపు కట్టు

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఆ మాట అన్నది మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పండించే ఇళ్ళల్లో అప్పట్లో పెద్దన్న మాట దాటేవాళ్ళు లేరు. మా బాపయితే అన్న ముందు గొంతు కూడా పెంచేవాడు కాదు.

ఎనభైల చివర్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, అమ్మ రొమ్ములో గట్టి గడ్డ తేలింది. నొప్పి లేదు. ఆర్మూర్‌లో లేడీ డాక్టర్ తడిమి చూసి, హైదరాబాద్ పోండి, ఆపరేషన్ చెయ్యాల్సి ఉంటుంది అంది. అమ్మ ఆ సాయంత్రమే చీరలు సంచిలో సర్దుకుంది. "పోయొస్త. పిల్ల పెండ్లి చూడాలె నేను" అంది.

పెద్దబాపు ఆ సంచి విప్పించాడు. "ఆలూరు ఊర్ల గా పిల్లకు గడ్డ కోసిండ్రు. ఏడాది తిరగలే, పోయింది. కత్తి తగిల్తే గది ఒళ్ళంత పాకుతది. మన ఇంట్ల పసుపు లేదా?"

పసుపుకేం కరువు? గాయానికీ దగ్గుకీ అదే మందు కాబట్టి గడ్డకూ అదే మందనుకున్నారు. పచ్చి కొమ్ము సున్నంతో నూరి పెద్దమ్మ రోజూ కట్టు కట్టేది. అవతల పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. అమ్మ ఆ కట్టుతోనే ఉడకబెట్టే కడాయిల దగ్గర నిలబడి పనిచేసింది. చర్మం పొక్కిపోయింది, కింద గడ్డ పెరుగుతున్న సంగతి ఎవరికీ కనపడలేదు. సరుకు మార్కెట్‌కు పోయే నాటికి చంకలో ఇంకో గడ్డ చేతికి తగిలింది. అప్పటికి గానీ బాపు అమ్మను బస్సెక్కించలేదు, అదీ అన్నకు చెప్పకుండా. నేనూ వెంట పోయాను.

హైదరాబాద్ దవాఖానలో సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. రొమ్ము తీసేస్తారు. చంకలో గడ్డలు కూడా తీసి పరీక్షకు పంపుతారు, రోగం ఎంత దూరం పోయిందో వాటిని బట్టి తెలుస్తుంది. కోస్తే పాకదా సార్ అని అడిగాను. "కత్తి పాకించదమ్మా. పాకినంక వస్తరు, కోసినంక పోతరు, చెడ్డపేరు మాత్రం కత్తికొస్తది" అన్నాడు. ఆలూరు అమ్మాయిదీ అదే కథ అయ్యుంటుందని అప్పుడు తట్టింది.

అమ్మ, "కుళ్ళు పట్టిన పసుపు చెట్టు దుబ్బును సుట్టూ మట్టితోని పెల్లగిస్తం గద, గట్లనే. పొలంల ఒక్క దినం ఆగనోల్లం ఇంట్ల గిన్ని నెలలు ఎందుకు ఆగినం?" అంది.

ఆపరేషన్ అయ్యాక చంక కింద నీరు కారిపోవడానికి గొట్టం పెట్టారు. చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళు పాకిస్తూ పైకి లేపమన్నారు. అమ్మ అన్నీ చేసింది, మళ్ళీ తన జడ తనే వేసుకుంది. కానీ పోయిన నెలలు తిరిగి రాలేదు. కొన్నేళ్ళకు రోగం ఎముకల్లో తేలింది. నా పెళ్ళి చూడకుండానే పోయింది. పదో రోజున అన్నం తింటూ "గంతే రాసిపెట్టి ఉన్నది" అన్నాడు పెద్దబాపు. ఆయన ముందున్న విస్తరి లాగి పారేద్దామనిపించింది.

ఆ తర్వాత ఆయన మెడ మీదే గడ్డ లేచింది. మర్నాడే ఇంటి ముందు జీపు ఆగింది, ఆపరేషన్‌కు పోవడానికి. నేను పచ్చి పసుపు సున్నంతో నూరి గిన్నెలో తీసుకుపోయి, చుట్టాలందరి ముందు ఆయన చేతిలో పెట్టాను.

"మన ఇంట్ల పసుపు లేదా, పెద్దబాపూ?"

"గప్పుడు తెల్వదు బిడ్డా" అన్నాడు.

"మా అమ్మకు తెల్సు. పోత అన్నది. నువ్వే ఆపినవ్."

పెద్దమ్మ నన్ను బయటికి పొమ్మంది. పోయాను. కడుపు చల్లబడింది.

ఆయన కోలుకున్నాడు. రోజూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ దారిన పోయినప్పుడల్లా నేను ఆగి, పుండు ఎట్లున్నది పెద్దబాపూ అని అడిగేదాన్ని. కోసినంక మానిందని ఆయన తన నోటితో చెప్పేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు.